శుభం కార్డు అడిగేవాళ్ళతో పేచీ

'చిల్డ్రన్ ఆఫ్ మెన్' చూసినవాళ్ళు నాతో అన్న మాటల్ని నాలుగు కుప్పలుగా పోయొచ్చు. ఒకటి: "బాబోయ్, ఏం ఏడుపు సినిమా! జన్మలో మళ్ళీ చూడను." రెండు: "ఆ కారు షాటు చూశావా, ఎక్కడా కట్ లేదు!" మూడు: "2006లోనే ఇప్పటి లోకమంతా చెప్పేశాడు, మహానుభావుడు." నాలుగోది కాస్త ఆలోచించేవాళ్ళ ప్రశ్న: "ఇంతకీ చివర్లో ఆశ ఉన్నట్టా, లేనట్టా?" ఆ పాప బతుకుతుందా, ఆ ఓడవాళ్ళు మంచివాళ్ళేనా అని అర్ధరాత్రి దాకా వాదించుకునే స్నేహితులు నాకున్నారు.

నా పేచీ ఈ నాలుగింటితోనూ ఉంది. ఇది చాలావరకు ప్రేక్షకుల గురించి తీసిన సినిమా. చూసి, కదిలిపోయి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తమ పనిలో పడిపోయే మనుషులు ఇందులో అడుగడుగునా ఉన్నారు. మనం బయట నిలబడి ఇస్తున్నామనుకుంటున్న స్పందనలన్నీ దర్శకుడు లోపల ముందే పెట్టేశాడు. వాటికి జవాబు కూడా అక్కడే ఉంది.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ముగింపుతో సహా చెప్పేస్తున్నాను, వద్దనుకుంటే ఇక్కడ ఆగి చూసి రండి. పి. డి. జేమ్స్ 1992లో రాసిన నవల ఆధారంగా మెక్సికన్ దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్ తీశాడు. కథ జరిగేది 2027లో, ఇంగ్లండులో. పద్దెనిమిదేళ్ళుగా లోకంలో ఎక్కడా ఒక్క బిడ్డ పుట్టలేదు. మిగతా దేశాలు కూలిపోయాయి. బ్రిటన్ మాత్రం తలుపులు బిగించుకుని, శరణు కోరి వచ్చినవాళ్ళని బోనుల్లో కుక్కి క్యాంపులకు తోలుతూ నిలబడి ఉంది. అలాంటి చోట 'కీ' అనే ఆఫ్రికన్ శరణార్థి గర్భవతి అవుతుంది. ఒకప్పుడు ఉద్యమాల్లో తిరిగి, కొడుకు పోయాక తాగుడికీ ఆఫీసు కుర్చీకీ అలవాటుపడ్డ థియో ఆమెను సముద్రం దాకా చేర్చాలి. అక్కడికి 'టుమారో' అనే ఓడ వస్తుందట. దాన్ని పంపే 'హ్యూమన్ ప్రాజెక్ట్' అసలు ఉందో లేదో కూడా ఎవరికీ గట్టిగా తెలీదు.

ఇప్పుడు మొదటి దృశ్యం చూడండి. లండన్‌లో ఒక కాఫీ కొట్టు. జనమంతా టీవీ కేసి తలెత్తి ఏడుస్తున్నారు. లోకంలో అందరికంటే చిన్నవాడైన బేబీ డియేగోని, ఆటోగ్రాఫ్ ఇవ్వనన్నాడని ఎవడో పొడిచి చంపాడు. చనిపోయినవాడి వయసు పద్దెనిమిది దాటింది. థియో ఆ గుంపులోకి దూరి కాఫీ కొనుక్కుని బయటపడతాడు. కాసేపటికి వెనకాల కొట్టు పేలిపోతుంది. ఆఫీసుకు వెళ్తే అక్కడా కంప్యూటర్ల ముందు కూర్చుని ముక్కులు చీదుతున్నారు. డియేగో చావుతో మనసు బాగాలేదని పై అధికారికి చెప్పి థియో ఇంటిదారి పడతాడు. రైల్వే స్టేషన్ దగ్గర బోనుల్లో మనుషులుంటారు. వాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళు ఎవరూ కనబడరు. టీవీలో ముఖమూ పేరూ ఉన్న ఒక్కడి కోసం ఊరంతా కన్నీరు పెట్టుకుంటుంది, పదడుగుల దూరంలో ఉన్నవాళ్ళని చూడకుండా నడిచిపోతుంది.

"ఏడుపు సినిమా" అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. పన్నెండు గంటలు బండి నడిపి వచ్చినవాడు రాత్రికి నవ్వించే సినిమా కావాలంటే అది అతని హక్కు, దాని మీద నాకు ఒక్క మాట కూడా లేదు. నేను మాట్లాడేది మన గురించి. రోజూ ఫోన్‌లో ఇంతకంటే ఘోరాలు వేలితో పైకి తోసేస్తూ టీ తాగే మనం, రెండు గంటల సినిమా బరువుగా ఉందంటే నమ్మబుద్ధి కాదు. బరువు దుఃఖానిది కాదనుకుంటాను. ఇక్కడ ఏడ్చినంత మాత్రాన లెక్క సరిపోదు. మనకి ఇబ్బంది అక్కడే.

రెండో కుప్ప, షాట్లు లెక్కపెట్టేవాళ్ళు. వీళ్ళకీ సినిమాలో ఒక ప్రతినిధి ఉన్నాడు, థియో బంధువు నైజల్. ప్రభుత్వంలో పెద్ద పదవి. కూలిపోతున్న దేశాల నుంచి కళాఖండాల్ని తెచ్చి భద్రపరచడం అతని పని. ఇంట్లోకి అడుగు పెడితే మైకెలాంజిలో చెక్కిన డేవిడ్ ఎదురొస్తాడు, ఒక కాలు విరిగి ఉంటుంది. భోజనాల గదిలో గోడ నిండా పికాసో 'గెర్నికా'. బాంబులకు బలైన ఊరి బొమ్మ కింద కూర్చుని, వైన్ పోసుకుని, తాపీగా తింటారు. ఇంకో వందేళ్ళకి వీటిని చూడ్డానికి మనిషే ఉండడు కదా, ఎందుకు ఇదంతా అని థియో అడిగితే, ఆ సంగతి నేను ఆలోచించను అన్నట్టుగా నైజల్ తేల్చేస్తాడు.

మన వాచ్‌లిస్టులు, రేటింగులు, "సినిమాటోగ్రఫీ మాస్టర్‌క్లాస్" అనే పొగడ్తలు చూసినప్పుడల్లా నాకు ఆ భోజనాల గది గుర్తొస్తుంది. ఇమాన్యుయేల్ లుబెస్కీ కెమెరా పనితనం గొప్పదే. కానీ ఆ కెమెరా చేసే పని ఏమిటో చూడండి. థియో వెంట నడుస్తూ నడుస్తూ అతన్ని వదిలేసి పక్కకి తిరుగుతుంది. బోనులో ఉన్న ముసలావిడ వైపు వెళ్తుంది. కొడుకు శవాన్ని ఒడిలో పెట్టుకుని రోదిస్తున్న తల్లి దగ్గర ఆగుతుంది. హీరో చూడని చోటుకి మనల్ని తీసుకెళ్తుంది. కట్ ఉంటే కళ్ళు తిప్పుకోడానికి సందు దొరుకుతుంది. కట్ లేకపోవడంలో ఉద్దేశం ఆ సందు మూసేయడమే. అది వదిలేసి ఎన్ని నిమిషాలు వచ్చిందని లెక్కపెట్టడం, గెర్నికా కింద కూర్చుని ఫ్రేము చెక్క ఏ రకమని అడగడం లాంటిది.

మూడోవాళ్ళు, "ముందే చెప్పాడు" బ్యాచ్. 2006 క్రిస్మస్ రోజున అమెరికాలో విడుదలైనప్పుడు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్లు పెట్టి తీస్తే థియేటర్ల నుంచి అంత కూడా రాలేదు. మూడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్క ఆస్కారూ రాలేదు. పదేళ్ళు గడిచాయి. 2015లో శరణార్థుల పడవలు యూరప్ తీరాలకు కొట్టుకొచ్చాయి, 2016లో బ్రెగ్జిట్ ఓటు పడింది. అదే ఏడాది బీబీసీ విమర్శకుల చేత వేయించిన ఈ శతాబ్దపు గొప్ప సినిమాల జాబితాలో దీనిది 13వ స్థానం. అప్పట్నుంచీ ఇది జోస్యం అయిపోయింది.

జోస్యం ఎక్కడుంది? బస్సు బెక్స్‌హిల్ క్యాంపులోకి వెళ్తుంటే కిటికీ అవతల ముసుగులు వేసి నిలబెట్టిన ఖైదీలు కనిపిస్తారు. 2004లో బయటపడ్డ అబూ గ్రైబ్ ఫోటోలు చూసినవాళ్ళకి ఆ భంగిమ తెలుసు. లండన్ రైళ్ళలో, బస్సులో బాంబులు పేలింది 2005 జూలైలో. క్వారోన్ తన చుట్టూ ఉన్నదే తీసి, దాని మీద 2027 అని తేదీ వేశాడు. జోస్యం అనేస్తే మనకి ఒక సుఖం ఉంది. రాసిపెట్టి ఉంది, జరిగింది, ఎవరేం చేస్తారు అనుకోవచ్చు. కళ్ళ ముందున్నదే చూపించాడని ఒప్పుకుంటే, అప్పుడు చూసినవాళ్ళు ఏం చేశారన్న ప్రశ్న వస్తుంది.

ఆ ప్రశ్న సినిమాలోనే వస్తుంది, మెట్ల మీద. సినిమా మొత్తం మీద అందరినీ ఏడిపించే ఘట్టం అదే. బెక్స్‌హిల్‌లో తిరుగుబాటుదారులకీ సైన్యానికీ మధ్య కాల్పులు జరుగుతుంటాయి. పగిలిపోయిన ఒక భవనంలోంచి థియో, పసిబిడ్డను గుండెకు హత్తుకున్న కీ దిగి వస్తుంటారు. బిడ్డ ఏడుపు వినిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళ తర్వాత మనుషులు విన్న ఏడుపు. గోడల వెనక దాక్కున్నవాళ్ళు చేతులు చాచి బిడ్డను తాకుతారు. సైనికులు కాల్పులు ఆపేస్తారు. కొందరు మోకాళ్ళ మీద కూర్చుంటారు, శిలువ గుర్తు వేసుకుంటారు. దారి ఇస్తారు. ఇద్దరూ వాళ్ళ మధ్యలోంచి నడిచి బయటకొస్తారు. అంతలో ఎక్కడో పేలుడు. అంతే, మళ్ళీ తుపాకులు మొదలవుతాయి.

"అక్కడ నాకు కన్నీళ్ళు ఆగలేదు" అని చెప్పనివాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. సరే, ఆగలేదు. ఆ సైనికులకీ ఆగలేదు. వాళ్ళ కన్నీళ్ళు దొంగవి కావు, భక్తీ దొంగది కాదు. అయినా ఒక్కడు కూడా తుపాకీ పక్కన పడేసి, పద అమ్మా, నేను దింపుతాను అనలేదు. కదిలిపోవడానికీ కదలడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ ఒకట్రెండు నిమిషాల్లో కొలిచి చూపించాడు దర్శకుడు. ఆ ఘట్టం చూసి ఏడ్చి, లైట్లు వెలిగాక "ఏం సీనురా" అంటూ పార్కింగ్‌కి నడిచే మనం ఆ మెట్ల మీద ఎవరి పక్కన నిలబడ్డాం?

ఇక నాలుగోవాళ్ళ ప్రశ్న. ఆశ ఉందా, లేదా?

మన పాత తెలుగు సినిమాలకి చివర్లో 'శుభం' అని కార్డు పడేది. దాన్ని వెక్కిరించడం సులువు, నాకు ఆ ఉద్దేశం లేదు. కానీ కార్డు పోయినా అడిగే అలవాటు పోలేదు. ఆశ ఉందా అని మనం అడిగేది నిజానికి కార్డు పడిందా అనే. పాప బతుకుతుందని రాసి ఇస్తే ఆశావాద సినిమా, ఇవ్వకపోతే నిరాశావాద సినిమా. చదువుకున్నవాళ్ళలో ఇంకో రకం కూడా ఉంది: ఓడ మోసం, బిడ్డని ప్రయోగశాలలో పెడతారు, ఆశపడేవాళ్ళు అమాయకులు అంటారు. నిరాశ వీళ్ళకి ఒక అభిరుచి. వీళ్ళు అడిగేదీ కార్డే, దాని మీద 'అశుభం' అని ఉండాలి, అంతే తేడా.

ఈ సినిమాలో ఆశ ఎక్కడుందో ఓడ వచ్చే ముందే తేలిపోయింది. క్యాంపు బస్సులో కీకి నొప్పులు మొదలవుతాయి, తనిఖీకి సైనికుడు ఎక్కుతాడు. మంత్రసాని మిరియం వెంటనే దేవుడు పూనినదానిలా పెద్దగా ప్రార్థనలు మొదలుపెట్టి అతని చూపు తన మీదకి తిప్పుకుంటుంది. ఆమెను ఈడ్చుకుపోయి ముసుగు వేస్తారు. ముసలి జాస్పర్, వెంటబడి వస్తున్నవాళ్ళకి అడ్డం నిలబడి కాల్చబడతాడు. వీళ్ళ భాష ఒక్క ముక్క కూడా రాని మరిచ్కా గది చూపిస్తుంది, పడవ చూపిస్తుంది, ఎక్కమంటే ఎక్కదు, ఒడ్డునే ఉండిపోతుంది. వీళ్ళెవరూ ఓడని చూడలేదు. థియో తల వాలిపోయాకే ఓడ మంచులోంచి దగ్గరకొస్తుంది. సినిమా అంతటా తుపాకీ ఒక్కసారి కూడా పేల్చని, సగం దూరం చెప్పులతో పరిగెత్తిన ఆ మనిషికి కార్డు పడిందో లేదో తెలీదు. అయినా పని ఆపలేదు. ఆశ అంటే రేపటి గురించిన అంచనా అనుకుంటే వీళ్ళు చేసినవేవీ అర్థం కావు.

ఈ సందర్భంలో మన 'కల్కి 2898 ఏడీ' గుర్తు రాక మానదు. అక్కడా గర్భం అపురూపమైపోయిన లోకమే, ఒక గర్భిణిని కాపాడే ప్రయాణమే. 2024లో థియేటర్లో ఈలలు వేసి చూశాం, బాగానే ఉంది. తేడా ఒక్కటే. పుట్టబోయేది ఎవరో అశ్వత్థామకి ముందే తెలుసు, మనకీ తెలుసు. అవతారం అని రాసి ఉన్నప్పుడు కాపాడటం కర్తవ్యం అవుతుంది. కీ కన్నది మాత్రం ఒక ఆడపిల్లని. అంతే. ఆ పిల్ల మీద ఏ శ్లోకమూ లేదు. మామూలు పిల్ల కోసం అంత దూరం నడవగలమా అన్నది ఈ సినిమా పెట్టే పరీక్ష. మనకి అవతారాల కథలు అలవాటు కాబట్టి ఆ పరీక్ష మనకి ఇంకొంచెం కష్టం.

సినిమా మీద గట్టి విమర్శ ఒకటుంది, దాన్ని దాటేయను. కీ నల్లజాతి శరణార్థి. కథంతా ఆమె కడుపు చుట్టూ తిరుగుతుంది, నిర్ణయాలు ఎక్కువగా చుట్టూ ఉన్నవాళ్ళవి, చివరికి తెల్లవాడి త్యాగం. ఇందులో నిజముంది. కానీ ఇది సినిమాని లోపలికెళ్ళి చదివినవాళ్ళు అడిగే ప్రశ్న, ఈ మనిషిని ఎందుకు ఇలా చూపించావని నిలదీసే ప్రశ్న. పైన చెప్పిన నాలుగు కుప్పల్లో ఏ ఒక్కదానిలోనూ కీ పేరే రాదు. "ఆ పాప", "ఆ షాటు", "ఆ ఓడ" అంటాం. కన్న మనిషి మన మాటల్లో కూడా మాయమైపోయాక, తప్పంతా దర్శకుడి మీదే వేయడం కుదరదు.

చివర్లో తెర నల్లబడుతుంది. పిల్లల నవ్వులు వినిపిస్తాయి, పిల్లలు మాత్రం కనిపించరు. పేర్లన్నీ పైకి వెళ్ళిపోయాక ఆఖరున ఒక మాట మూడుసార్లు పడుతుంది: శాంతి, శాంతి, శాంతి. సినిమా పేర్లు పడకముందే లేచిపోయే మనం చూడని మన మాట అది. చిన్నప్పట్నుంచీ వింటున్నదే కాబట్టి దాని వ్యాకరణం మనకి తెలిసి ఉండాలి. శాంతి వచ్చేసిందని ఎవరూ మూడుసార్లు చెప్పరు. లేదు కాబట్టి, కావాలి కాబట్టి, అన్ని వైపుల నుంచీ కావాలి కాబట్టి మూడుసార్లు అంటారు. శుభం అన్నది జరిగినదాని మీద వేసే ముద్ర, శాంతి అన్నది ఇంకా జరగనిదాని కోసం అడగడం.

కాబట్టి ఈ సినిమా చూసి వచ్చినవాళ్ళతో ఇకనుంచీ ఓడ గురించి వాదించదలుచుకోలేదు. నేను అడిగేది ఒక్కటే. పేలుడు వినిపించాక మెట్ల మీద మీరేం చేశారు?