గొట్టం పగిలితే గేర్‌బాక్స్‌ని తిట్టడమేంటి?

"ఆటోమేటిక్ గేర్లున్న పికప్ మన ఊళ్ళకి పనికిరాదు." ఈ మాట ఈ మధ్య ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. హైదరాబాదులో ఆఫీసు క్యాంటీన్లో విన్నాను, పలాసలో విన్నాను, మా నిమ్మాడ జంక్షన్లో టీ కొట్టు దగ్గరా విన్నాను. అనేవాళ్ళలో సగం మంది మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే. జీతంలోంచి ఈఎంఐ కట్టి ఊళ్ళో తమ్ముడికో బావకో బండి కొనిపెడతారు. గేర్‌బాక్స్ పోయిందని ఫోనొస్తే చాలు, టెక్నాలజీ మీద తీర్పు చెప్పేస్తారు.

నాకు ఒళ్ళు మండేది అక్కడే. గేర్‌బాక్స్ దానంతటది పోలేదండీ బాబూ, దానికంటే ముందు ఒక గొట్టం పోయింది. ఆ గొట్టం సంగతి ఎవడూ మాట్లాడడు.

మన వైపు తిరిగే బొలెరో పికప్‌లు, టాటా ఏస్‌లు దాదాపు అన్నీ చేత్తో గేరు వేసేవే, వాటికి ఈ గొడవ లేదు. ఆటోమేటిక్ పికప్‌లు మన దగ్గరికి ఈ మధ్యే వచ్చాయి. మన శ్రీసిటీలో 2016 నుంచి బళ్ళు తయారుచేస్తున్న ఇసుజు వాళ్ళు 2019లో వి-క్రాస్‌లో ఆటోమేటిక్ తెచ్చారు, 2022లో టయోటా హైలక్స్ వచ్చింది. ఆటోమేటిక్‌లో ఆయిలే ప్రాణం. క్లచ్‌లని నొక్కిపట్టేది ఆ ఆయిల్ ప్రెషరే, ఇంజను బలాన్ని టార్క్ కన్వర్టర్ గుండా గేర్‌బాక్స్‌కి అందించేదీ ఆ ఆయిలే. ఆ పనిలో అది కాగిపోతుంది కాబట్టి ఒక గొట్టంలోంచి ముందున్న కూలర్‌కి వెళ్ళి, చల్లబడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. ఇంజను ఊగుతుంది, ఛాసీ ఊగదు. అందుకని లోహపు పైపుకి మధ్యలో రబ్బరు ముక్క పెట్టి అంచులు నొక్కేస్తారు.

కారేది ఎక్కువగా ఆ నొక్కిన అతుకు దగ్గర, లేకపోతే పైపుని ఛాసీకి పట్టి ఉంచే క్లిప్పు కింద. క్లిప్పు కింద బురద చేరుతుంది, తడి ఆరదు. దానికి ఉప్పు తోడైతే ఇంక చెప్పాలా? మిచిగన్, ఒహాయో వైపున్న మన వాళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, బండి అడుగు తుప్పు పడుతుంది. మన దగ్గర మంచు లేదుగా అంటారేమో. నౌపడ ఉప్పు లోడు వేసుకుని వెళ్ళే బండి వెనక ఒక్కసారి నడిచి చూడండి. భావనపాడు నుంచి చేపల పెట్టెలతో వచ్చే బండి కింద చూడండి, ఐసు కరిగి ఉప్పునీళ్ళు ఛాసీ మీదుగా కారుతుంటాయి. దానికి తోడు ఉద్దానం సముద్రపు గాలి ఉండనే ఉంది. అమెరికాలో ఉప్పు చలికాలం వరకే, మనకి పన్నెండు నెలలూను.

మా బావ బండికి జరిగింది ఇదే. క్లిప్పు కింద పైపు తిని, చుక్క చుక్క కారింది. ఒక షెడ్డులో చూపిస్తే తుప్పు ముక్క కోసేసి, రేడియేటర్ నీళ్ళకి వాడే రబ్బరు గొట్టం తొడిగి రెండు క్లాంపులు బిగించారు. "ఏటీ అవ్వదు బాబూ, లాగించీ!" నీళ్ళ గొట్టం వేడి ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది. అంచు చేయని నున్నటి పైపు మీద క్లాంపు ఎంత బిగించినా జారుతుంది. జారింది. ఆయిల్ పోతే పంపు గాలి పీల్చుకుంటుంది, ప్రెషర్ పడిపోతుంది, క్లచ్‌లు జారి మాడతాయి. ఆ ఆయిల్ వేడి సైలెన్సర్ మీద పడి మంట అంటుకోలేదు, అదొక్కటే అదృష్టం. గేర్‌బాక్స్ కొటేషన్ లక్షల్లో చూసి మా అక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఇన్సూరెన్స్ వస్తుందనుకుంటున్నారా? మామూలు మోటారు పాలసీలో అరుగుదలకీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కీ డబ్బివ్వరని స్పష్టంగా రాసి ఉంటుంది. మనం చదవం, అంతే.

కొత్త ఆటోమేటిక్‌లు చాలావాటికి డిప్‌స్టిక్ కూడా ఉండదు. "సీల్డ్ యూనిట్, జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదు" అని అమ్ముతారు. ఎవరి జీవితాంతమో చెప్పరు :). ప్రొడక్షన్ సర్వర్లో డిస్క్ ఎంత నిండిందో చూసే దారి తీసేసి, "నిండదులెండి" అని మన క్లయింటుకి చెప్పి చూడండి, ఏమంటాడో!

మరి ఏం చెయ్యాలి? ఉప్పు లోడో చేపల లోడో దిగిన రోజే బండి అడుగు మంచినీళ్ళతో కడిగించాలి. పైన తళతళలాడేలా షాంపూ వాష్ చేయించి అడుగు వదిలేస్తే దండగ. ఇంజనాయిల్ మార్చిన ప్రతిసారీ బండి ఎత్తుతారు కదా, అప్పుడే ఆ రెండు గొట్టాలూ చివరిదాకా గుడ్డతో తుడిచి, వేలు పెట్టి తడిమి, క్లిప్పులు విప్పి కింద చూడమనండి. పైపు మీద పొక్కులు లేచినా, అతుకు దగ్గర ఆయిల్ చెమ్మ కనపడినా, రబ్బరు గట్టిపడి పగుళ్ళిచ్చినా గొట్టం మొత్తం మార్చండి, ముక్క అతికించొద్దు. రబ్బరు ఒక్కటే మార్చాల్సివస్తే గేర్‌బాక్స్ ఆయిల్‌కి పనికొచ్చేదని రాసి ఉన్న గొట్టమే అడగండి. తుప్పు రాకుండా పూత వేయించినా మంచిదే, కానీ కడిగి ఆరాక. తుప్పు మీదే పూత కొడితే రోగాన్ని దుప్పటి కింద దాచినట్టే. పొద్దున బండి తీశాక కింద నేల చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. చాలా గేర్‌బాక్స్ ఆయిళ్ళు కొత్తలో ఎర్రగా ఉంటాయి, మరక కనపడిందంటే ఆ రోజు లోడు మానుకోవాలి.

"ఇంత తలనొప్పి ఎందుకు, మాన్యువల్ కొంటే పోలా?" అంటారు. కొనండి, తప్పేం లేదు. కాకపోతే దాని బ్రేకు పైపులూ లోహపువే, అదే ఛాసీకి అలాంటి క్లిప్పులతోనే బిగించి ఉంటాయి, అదే ఉప్పు తింటాయి. వాటిని ఆఖరుసారి ఎప్పుడు తుడిచి చూశాడో ఈ ఆదివారం ఫోన్లో మీ తమ్ముణ్ణి అడగండి.