తలరాత కాదు, నయమయ్యే జబ్బు

కౌమారంలో ఆత్మహత్యలకు తలరాత, శనిదశ, గాలి సోకడం కారణాలన్న నమ్మకం చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. దానికి ఆధారం లేదు. ప్రమాదాన్ని పెంచే అంశాలను వైద్యశాస్త్రం గుర్తించింది. కుంగుబాటు, తీవ్రమైన ఆందోళన, మత్తు అలవాటు, ఇంట్లో హింస, లైంగిక వేధింపు, తోటివారి వేధింపులు వాటిలో ముఖ్యమైనవి. గతంలో జరిగిన ప్రయత్నం అన్నిటికన్నా బలమైన హెచ్చరిక. సాధారణంగా ఏ ఒక్కటో కారణం కాదు. ఇలాంటివి కొన్ని ముందే పేరుకుని ఉన్నచోట పరీక్ష తప్పడం వంటి దెబ్బ తట్టుకోలేనిదవుతుంది.

ఒకే కుటుంబంలో రెండో ఆత్మహత్య జరిగితే వంశానికి శాపమంటారు. నిజానికి అక్కడ పనిచేసేవి జన్యువుల ద్వారా వచ్చే మానసిక జబ్బుల ముప్పు, తీరని దుఃఖం, ఇంటి వాతావరణం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్ల వారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఇంతమందికీ గ్రహాలు ఒక్కసారే వక్రించవు.

ఈ వయసులో కుంగుబాటు ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడవచ్చు. పెద్దలు దాన్ని పొగరంటారు, లేదా దిష్టి తీసి తాయెత్తు కడతారు. తాయెత్తు జబ్బును తగ్గించదు. దాన్ని నమ్ముకుని ఎదురుచూసే రోజుల్లో జబ్బు ముదురుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, ఇలాగే దర్గా మహిమతో నయమవుతుందని నమ్మి తెచ్చి గొలుసులతో కట్టేసిన మానసిక రోగుల్లో 28 మంది అగ్నిప్రమాదంలో చనిపోయారు.

చనిపోతానని చెప్పేవాళ్లు ఆ పని చేయరన్నది మరో ప్రమాదకరమైన నమ్మకం. చాలామంది ముందుగా ఏదో రూపంలో చెబుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయమూ తప్పే. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులపై జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. ఆత్మహత్య గురించి అడిగినందువల్ల వారిలో ఆ ఆలోచనలు పెరగలేదు.

ప్రయత్నించినవారిని నేరస్థులుగా, పిరికివాళ్లుగా చూడడం కూడా మూఢత్వమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా పరిగణిస్తుంది, చికిత్స అందించే బాధ్యతను ప్రభుత్వంపై పెడుతుంది.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, చదువు, స్నేహాలు దెబ్బతిన్న పిల్లలను మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి. చనిపోవాలన్న మాట వినిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు, వారిని ఒంటరిగా వదలకూడదు. మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.