నిఘా కళ్లకు కమ్మిన నమ్మకం

1973 అక్టోబరు 1న ఇజ్రాయెల్ దక్షిణ కమాండ్‌లోని యువ లెఫ్టినెంట్ బెంజమిన్ సిమాన్-టొవ్ ఒక నివేదిక రాశాడు. సూయజ్ కాలువ అవతల ఈజిప్టు సేనల విన్యాసాలు యుద్ధ సన్నాహాలకు వేసిన ముసుగు కావచ్చని అందులో హెచ్చరించాడు. 3న మళ్లీ రాశాడు. పై అధికారి వాటిని ముందుకు కదలనివ్వలేదు. 6వ తేదీ మధ్యాహ్నం ఈజిప్టు, సిరియా ఒకేసారి విరుచుకుపడ్డాయి.

సమాచారానికి కొదవ లేదు. కాలువ ఒడ్డున మోహరింపు కళ్లెదుటే ఉంది. సోవియట్ సలహాదారుల కుటుంబాలు హడావుడిగా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాయి. అయినా సైనిక నిఘా విభాగం ఒకే సూత్రాన్ని పట్టుకు వేలాడింది: ఇజ్రాయెల్ వైమానిక స్థావరాలను దూరం నుంచి కొట్టగల ఆయుధాలు అందేదాకా ఈజిప్టు యుద్ధానికి దిగదు, ఈజిప్టు తోడు లేనిదే సిరియా దిగదు. ఆ అంచనా గాలిలోంచి పుట్టింది కాదు, ఈజిప్టు వర్గాల నుంచి వచ్చిన గట్టి సమాచారమే దానికి ఆధారం. కానీ ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ 1972 చివరికే మనసు మార్చుకున్నాడు. నిన్నటి నిజాన్ని ఎవరూ తిరిగి పరీక్షించకపోవడమే నన్ను అన్నిటికంటే కలచివేస్తుంది.

ఈ వైఫల్యంపై ఇజ్రాయెల్‌లో అగ్రనాత్ కమిషన్ జరిపిన విచారణ తర్వాత, ఖాయమనుకున్న అంచనాకు ఎదురు వాదించడమే పనిగా నిఘా విభాగంలో ఒక చిన్న బృందం ఏర్పడింది. సీఐఏలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ మరో పద్ధతి చెప్పాడు: సాధ్యమైన ఊహలన్నీ పక్కపక్కన పెట్టి, ఏ ఆధారం దేన్ని కొట్టేస్తుందో చూడాలి. నా మటుకు వీటన్నిటికన్నా ముఖ్యం, ఒక లెఫ్టినెంట్ రాసిన కాగితం అడ్డంకి లేకుండా పైదాకా చేరడం. ఈ సంచికలోని ప్రధాన వ్యాసం అక్కడి నుంచే మొదలవుతుంది.