స్టేషను గోడ - కళాదానం

రైలు స్టేషన్లలో కళాఖండాలు నెలకొల్పవలెనన్న ఆలోచన మెచ్చదగినదే. బీహారులోని మధుబని స్టేషను గోడలపై 2017లో ఆ ప్రాంతపు చిత్రకారులు తమ సంప్రదాయ చిత్రాలు వ్రాసినారు. అందుకు వారు ప్రతిఫలం పుచ్చుకొనలేదు, అది శ్రమదానం. ఊరికి వన్నె వచ్చిన మాట నిజమే. కాని ఆ దానం చేసినది ధనవంతులు కారు, కుంచె జీవనాధారమైనవారు.

గుడివాడ నుండి మచిలీపట్నం పోయే రైలుదారిలో పెడన ఉన్నది. అక్కడ బట్టను కరక్కాయ కషాయంలో ముంచి ఆరవేసి, తుప్పు ఇనుమును బెల్లంతో ఊరవేసి చేసిన నల్లరంగును చెక్క అచ్చులతో అద్దుతారు. ఆ కలంకారీ పూలు, రైలు చేరని దివిసీమ పడవలు మన స్టేషన్ల గోడలకెక్కితే సంతోషించని వారెవరు? అయితే అద్దకపు పనివానిని ఊరికోసం ఊరకే చేసిపెట్టుమనుట న్యాయమా? గోడకు సున్నం వేసినవానికి కూలి ముట్టుతుంది. దాత పేరు రాతిపై చెక్కినవానికీ ముట్టుతుంది. బొమ్మ వ్రాసినవానికి మాత్రం మెప్పు చాలునట!

ఈ సీమకు దానధర్మం క్రొత్త కాదు. గోలకొండ ప్రభువు తానీషా భాగవతుల ఆట చూచి మెచ్చి, కూచిపూడిని వారికి అగ్రహారంగా ఇచ్చినాడని ప్రతీతి. ఆయన కళాకారులకు దానమిచ్చినాడు గాని, కళను దానమడుగలేదు.

కావున దాత ధనమివ్వవలె, కళాకారుడు వేతనమందుకొనవలె, గోడపై ఇరువురి పేర్లూ ఉండవలె. పెచ్చులూడిననాడు బాగుచేయించుటకు ఆ ధనంలోనే కొంత నిలువ ఉంచవలె. బడిలో చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయులు ఈ లెక్క కూడ పిల్లలకు నేర్పుట మంచిది.