ఆ పోస్టు తీసెయ్యమంటున్నారు

యూనివర్సిటీలో మా పిల్లలకు చెప్తున్నారు – మనసులోది దాచుకోవద్దు, చెప్పుకుంటే బరువు తగ్గుతుందని. మాట మంచిదే. ఎవరి ముందు చెప్పుకోవాలో, చెప్పుకున్నాక ఏమవుతుందో మాత్రం చెప్పరు.

హాస్టల్ సీటు దొరక్క అద్దెగది వెతుక్కున్న మా పిల్ల ఒక రాత్రి ఫేస్‌బుక్‌లో రాసింది – పేరు అడిగారు, చెప్పాను, గది లేదన్నారు అని. అంతే రాసింది. పరీక్ష పోయిందని స్నేహితురాలు రాసుకుంటే వరసగా ఓదార్పులు. మా పిల్ల పోస్టు కింద పడ్డ మొదటి మాట – 'మరి పాకిస్తాన్‌లో హిందువుల సంగతేంటి?' బాధ చెప్పుకున్న పిల్ల సంజాయిషీ ఇచ్చుకోవాలా?

2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి'. మా ఆడవాళ్లు ఇష్టపడి పెట్టుకున్న ఫొటోలనే ఎత్తుకెళ్లి వేలానికి పెట్టారు. కనబడకుండా పోయిన జేఎన్‌యూ విద్యార్థి నజీబ్ తల్లి ఫాతిమా నఫీస్‌నీ వదల్లేదు. అరెస్టయిన వాళ్లలో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లున్నారు. వాళ్లకు ఏ కౌన్సెలింగ్ అవసరమో ఎవరూ అడగలేదు. తట్టుకునే శక్తి పెంచుకోమని మాకే పాఠాలు!

తట్టుకోవడం మాకు కొత్తా? ఇండియా ఓడితే మీ గల్లీలో టపాకాయలటగా అని నవ్వుతూ అడిగితే నవ్వుతూనే తట్టుకున్నాం. మా ఇళ్లలో సబర్ అనే మాట ఉంది. సబర్ అంటే నిలబడటం. దాన్ని నోరు మూసుకోవడంగా మార్చింది ఎవరు?

మావాళ్లూ తక్కువేం కాదు. ఇజ్జత్ పోతుందని చెల్లెలి ఫోన్ లాక్కునే అన్నలున్నారు. వేలం పెట్టినవాడికి కావాల్సిందీ అదే కదా.

ఇక సెక్యులర్ మిత్రులారా, మీ సంగతి. ఆ పోస్టు కింద బూతులు పడుతుంటే మీరు ఇన్‌బాక్స్‌లో చాటుగా రాశారు – 'చాలా బాధపడ్డాం, ధైర్యంగా ఉండమ్మా, ఆ పోస్టు మాత్రం తీసెయ్.' ఆ ముక్క అందరూ చూసేచోట రాయడానికి ఏం అడ్డొచ్చింది? మా పిల్లకు ధైర్యం చెప్పేముందు మీకెంతుందో చూసుకున్నారా?

పోస్టు తీసెయ్యలేదు. కింద ఇంకొందరు తమ అద్దెగదుల కథలు రాస్తున్నారు. వాళ్లలో ఇద్దరు మాదిగ పిల్లలు. వాళ్లను అడిగింది పేరు కాదట – ఏం వండుకుంటారని.