భృతి దయాదానం కాదు, కార్మికుడి హక్కు

మన మొహల్లాల్లో ఒక ఇంటి పెద్దకు పని పోయిందంటే ముందుగా కదిలేది బంధువులు, ఆ తరువాత మసీదు కమిటీ. రేషన్ కిట్టు వస్తుంది. రంజాన్ మాసమైతే జకాత్, ఫిత్రా అందుతాయి. పిల్లల బడి ఫీజుకు ఎవరో ఒకరు పూచీ ఉంటారు. ఈ ఆదుకునే గుణం మన సమాజానికి గర్వకారణమే. అయితే ఆ కార్మికుడి జీతంలోంచి ఏళ్ల తరబడి నెలనెలా కోసుకున్న ఈఎస్‌ఐ చందా మాటేమిటని అడిగేవారు మాత్రం మనలో బహు కొద్దిమంది. ఆ చందా మీద అతనికి రావలసిన నిరుద్యోగ భృతిని అధికారులు తిరస్కరిస్తే, ఆ తిరస్కరణను ప్రశ్నించేవారు ఇంకా తక్కువ. చేయి చాచి అడగవలసిన అవసరం లేని మనిషిని మన నిర్లిప్తతే చేయి చాచే స్థితికి తెస్తోందని మేము భావిస్తున్నాం.

ముందుగా చట్టం ఏమిచ్చిందో చూద్దాం. పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలో నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారు ఉద్యోగుల రాజ్య బీమా పరిధిలోకి వస్తారు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే 12,000 రూపాయల జీతగాడి పేరిట నెలకు 480 రూపాయలు జమ కావాలి. అందులో 90 రూపాయలు అతని కష్టార్జితం. ఈఎస్‌ఐ అంటే ఆసుపత్రి, మందులు మాత్రమేనని మనలో చాలామంది అనుకుంటారు. పని పోయినప్పుడు నగదు సాయం అందించే పథకాలు కూడా అందులో ఉన్నాయి.

2018 జూలై 1న మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వాటిలో ఒకటి. మొదట సగటు దినవేతనంలో 25 శాతంగా ఉన్న భృతిని, లాక్‌డౌన్ నేపథ్యంలో 2020 మార్చి 24 నుంచి 50 శాతానికి పెంచారు. జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులకు దీనిని చెల్లిస్తారు. పైన చెప్పిన 12,000 రూపాయల జీతగాడికి 50 శాతం లెక్కన మూడు నెలలకు వచ్చేది 18,000 రూపాయలకు కాస్త తక్కువ. ఇది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ మూడు నెలల ఇంటి అద్దెకు వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా నిలబెట్టగల మొత్తం. 2005 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన మరొకటి. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ జరిగినా, పనితో సంబంధం లేని ప్రమాదంలో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలిగినా ఇది వర్తిస్తుంది. దీని కింద భృతి కాలం 24 నెలల వరకు పెరిగింది.

ఇక తిరస్కరణల సంగతి. మేము గమనించినంతవరకు వాటి కారణాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది, యజమాని కంప్యూటర్‌లో నమోదు చేసే ఒక్క మాట. కార్మికుడు పని మానిన నెలలో, అతను ఎందుకు మానాడో యజమానే ఈఎస్‌ఐ పోర్టల్‌లో ఎంచుకోవాలి. ‘రిట్రెంచ్‌మెంట్’ అని రాయవలసిన చోట ‘లెఫ్ట్ సర్వీస్’ అని రాస్తే, తీసివేయబడిన మనిషి తనంతట తాను వెళ్లిపోయినట్టు కనిపిస్తాడు. ‘నో వర్క్’ అని రాస్తే ఇంకా ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క. ఆ మాట తన పేరు పక్కన చేరిన సంగతి కార్మికుడికి క్లెయిమ్ తిరస్కరించాకే తెలుస్తుంది. లెక్క తేల్చి బాకీ జీతం ఇస్తామంటూ ముందుగా రాజీనామా కాగితం మీద సంతకం తీసుకునే అలవాటు చిన్న యూనిట్లలో ఉంది. దుష్ప్రవర్తనకు శిక్షగా తొలగించబడినవారికీ, వయసు నిండి లేదా స్వచ్ఛందంగా విరమించినవారికీ అటల్ పథకం వర్తించదు. కనుక ఆ ఒక్క సంతకం మూడు నెలల అన్నాన్ని హరించగలదు.

రెండవది, రోజుల లెక్క. చందా కాలాలు ఏడాదికి రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కార్మికుడికి కనీసం రెండేళ్ల బీమా సర్వీసు ఉండాలి. పని పోవడానికి వెంటనే ముందున్న చందా కాలంలో 78 రోజులకు, అంతకు ముందరి మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. నెలంతా పని చేయించుకుని పది రోజులే చూపిన యజమాని, ఆనాడు కొన్ని పదుల రూపాయలు మిగుల్చుకుంటాడు. ఆ తరువాత కార్మికుడు పోగొట్టుకునేది వేలల్లో ఉంటుంది.

మూడవది, పాత ఉద్యోగంలో ఇచ్చిన బీమా నంబరు ఉండగానే కొత్త యజమాని మరొకటి తీయించడం. కాటేదాన్ నుంచి జీడిమెట్లకో, ఆటోనగర్‌లో ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకో మారిన మనిషి సర్వీసు ఇలా రెండు ముక్కలవుతుంది. ఏ ముక్కలోనూ రెండేళ్లు నిండవు.

నాలుగవది మన సమాజాన్ని ప్రత్యేకంగా బాధించేది. అది పేరు. ఆధార్‌లో ‘షేక్’ అని పూర్తిగా ఉంటుంది, ఈఎస్‌ఐ రికార్డులో ‘ఎస్‌కె’, బ్యాంకు పుస్తకంలో ‘షైక్’. ఒకచోట ‘మహమ్మద్’, మరొకచోట ‘ఎండి’, ఇంకొకచోట ‘మొహద్’. మస్తాన్‌వలీ ఒక మాటా, రెండు మాటలా అన్నది టైపు చేసినవారి చిత్తం. ఆడవారి పేర్ల చివర బేగం, బీ, బాను ఉంటాయో ఉండవో చెప్పలేం. ఇంటిపేరు ముందు రాసే తెలుగు పద్ధతికీ, చివర రాసే ఫారాల పద్ధతికీ మధ్య మన పేర్లు నలిగిపోతున్నాయి. భృతి బ్యాంకు ఖాతాకే చేరాలి, ఆధార్ వివరాలు సరిపోలాలి. అక్షరం తేడా వస్తే మనిషే వేరని యంత్రం తేలుస్తుంది. ఇది ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు. కానీ మన పేర్లు ఎన్ని రకాలుగా రాయబడతాయో ఆలోచించకుండా తయారైన వ్యవస్థ, ఆ అజాగ్రత్తకు మూల్యాన్ని మన చేతే కట్టిస్తోంది.

ఈ నాలుగింటిలో ఏదీ కార్మికుడి నేరం కాదు. నాలుగూ సరిదిద్దదగినవే. అందుకే తిరస్కరణ కాగితాన్ని తుది తీర్పుగా భావించి ఇంటికి తిరిగి వెళ్లవద్దని మా మనవి.

పని పోయిన రోజు నుంచే కాగితాలు పోగు చేయడం మొదలుపెట్టాలి. జీతం చీటీలు, హాజరు కార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పనికి రావద్దని వచ్చిన వాట్సాప్ సందేశం, అన్నీ సాక్ష్యాలే. ఖాళీ కాగితం మీదగానీ, చదవని కాగితం మీదగానీ సంతకం చేయరాదు. బలవంతంగా రాజీనామా రాయించుకుంటే, ఆ వారంలోనే కార్మిక శాఖ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపాలి. ఆ రసీదు మీది తేదీ తరువాత ఎంతో విలువైనదవుతుంది. అటల్ పథకంలో ఒకప్పుడు 90 రోజులు ఆగవలసి ఉండేది. 2020 సడలింపుతో 30 రోజులకే క్లెయిమ్ పెట్టుకునే వీలు, యజమాని చేత పంపించే అవసరం లేకుండా నేరుగా బ్రాంచి ఆఫీసులో ఇచ్చే వీలు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో అఫిడవిట్ నిబంధన కూడా తొలగిపోయింది. ఇప్పటికీ ఎవరైనా స్టాంపు కాగితం తెమ్మంటే, ఏ ఉత్తర్వు ప్రకారమో రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. ఈ పథకం గడువు పొడిగింపుల మీద నడుస్తున్నది కనుక, మీ పని పోయిన తేదీ ఏ పొడిగింపు కిందికి వస్తుందో కూడా అక్కడే అడిగి తెలుసుకోండి.

తిరస్కరణ ఎదురైతే నోటి మాటతో సరిపెట్టుకోక, కారణాన్ని రాతపూర్వకంగా కోరాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకుంటే మొదటి అప్పీలు ఉంది. తన పేరిట ఏ నెలలో ఎన్ని రోజులు చూపారో, పని మానిన కారణం ఏమని రాశారో ఈ దరఖాస్తులోనే అడగాలి. జవాబు చేతికి వచ్చాక ప్రాంతీయ కార్యాలయానికి అర్జీ పెట్టాలి. నెలకోసారి జరిగే ‘సువిధా సమాగమ్’ ఫిర్యాదుల సమావేశానికి స్వయంగా హాజరు కావాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లోనూ నమోదు చేయాలి. ఆ పోర్టల్‌లో వచ్చిన ఫిర్యాదులను 21 రోజుల్లో పరిష్కరించాలని 2024 ఆగస్టులో కేంద్రమే మార్గదర్శకాలిచ్చింది.

అప్పటికీ కదలిక లేకపోతే ఉద్యోగుల బీమా కోర్టు ఉంది. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 74, 75 సెక్షన్లు చందాలు, ప్రయోజనాలకు సంబంధించిన వివాదాలను ఆ కోర్టుకు అప్పగించాయి. వివాద కారణం తలెత్తిన మూడేళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఆ తీర్పు మీద ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటే 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. యజమాని చందా కట్టని కారణంగా కార్మికుడు ప్రయోజనం కోల్పోతే, కార్పొరేషన్ ఆ మొత్తాన్ని కార్మికుడికి చెల్లించి యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చని 68వ సెక్షన్ చెబుతోంది. ‘మీ యజమాని కట్టలేదు, మేమేం చేయగలం’ అనే జవాబు వచ్చినప్పుడు ఈ సెక్షన్‌ను అర్జీలో తప్పక రాయాలి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రతా స్మృతిలో సెక్షన్ల సంఖ్యలు వేరైనా, బీమా కోర్టు వ్యవస్థ కొనసాగింది.

వకీలు ఫీజు ఎక్కడి నుంచి తేవాలన్న బెంగ సహజమే. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. గార్మెంట్ యూనిట్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ఈ ఒక్క విషయం తెలిసినా ఎంతో మేలు.

ఆలస్యం గురించి కూడా చెప్పాలి. భృతి క్లెయిములను 15 రోజుల్లో తేలుస్తామని 2020లో కేంద్ర కార్మిక శాఖ ప్రకటించింది. పని పోయిన మనిషికి మొదటి మూడు నెలలే గండం. ఆ గండం గడిచి, పెళ్లినాటి నగ తాకట్టు పడ్డాక వచ్చే సొమ్ము వడ్డీకి సరిపోతుంది. ఇవ్వబోమని చెప్పకుండా, ఇవ్వకుండా తిప్పుకోవడం కూడా తిరస్కరణే.

అందువల్ల ప్రభుత్వాన్ని మేము కోరుతున్నవి ఇవి. పొడిగింపుల మీద నడిచే పథకాన్ని చట్టబద్ధమైన శాశ్వత ప్రయోజనంగా మార్చాలి. పని మానిన కారణాన్ని యజమాని నమోదు చేసిన నాడే కార్మికుడి ఫోనుకు తెలియజేసి, అభ్యంతరం చెప్పుకునే గడువు ఇవ్వాలి. తిరస్కరణ ఉత్తర్వును కారణాలతో సహా తెలుగులోనూ, రెండు రాష్ట్రాల్లోనూ రెండవ అధికార భాష అయిన ఉర్దూలోనూ ఇవ్వాలి. పేర్లలో అక్షర భేదాలను శాఖ కార్యాలయంలోనే సరిదిద్దాలి. గడువు దాటితే వడ్డీ చెల్లించాలి.

ముస్లింలలో స్వయం ఉపాధి ఎక్కువ, నెలజీతపు భద్ర ఉద్యోగాలు తక్కువ అని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. పంక్చర్ దుకాణం, జరీ మగ్గం, ఆటో, డెలివరీ బండి మీద బతికేవారికి ఈ భృతి అసలే లేదు. గిగ్ కార్మికుల కోసం కొత్త స్మృతి పేర్కొన్న పథకాల్లో ప్రమాద, ఆరోగ్య, వృద్ధాప్య రక్షణలున్నాయి కానీ నిరుద్యోగ భృతిని పేరుపెట్టి చెప్పలేదు. ఆ విస్తరణ కోసం పోరాడవలసిందే. అయితే ఉన్న హక్కును అడగనివారు లేని హక్కును సాధించలేరు. పరిధిలో ఉన్న కొద్దిమంది క్లెయిములు కూడా బల్లల కింద చేరుతుంటే, రేపు విస్తరణ కోరే మన వాదనకు బలమేది?

దీనికి పెద్ద సంస్థలు అక్కర్లేదు. జుమా నమాజు తరువాత మసీదు వరండాలోనో, షాదీఖానాలోనో ఒక గంట, చదువుకున్న ఇద్దరు యువకులు, ఒక స్కానర్ సరిపోతాయి. మొదటి పనిగా మొహల్లాలో ఈఎస్‌ఐ ఉన్న ప్రతివారి పేరూ మూడు కాగితాల్లో ఒకేలా ఉందో లేదో చూడాలి. పని ఉన్నప్పుడే ఈ సవరణ తేలిక. రెండవ పనిగా, తిరస్కరణ పొందిన ప్రతి క్లెయిమ్‌నూ తేదీలతో ఒక రిజిస్టరులో రాయాలి. పది అర్జీలు ఒకే కారణంతో తిరిగి వచ్చాయని చూపగలిగిన కమిటీ మాటకు, ఒంటరిగా కిటికీ దగ్గర నిలబడిన మనిషి మాటకు లేని బరువు ఉంటుంది.

‘హక్కు’ అన్న తెలుగు మాట అరబ్బీ ‘హఖ్’ నుంచి వచ్చింది. ఆకలిగొన్న ఇంటికి బియ్యం పంపడం మన బాధ్యత, దాన్ని మానవద్దు. ఆ బియ్యంతో పాటు అర్జీ రాసి పెట్టే ఒక మనిషిని కూడా పంపుదాం.