కొత్త మందుల వేట మట్టిలోనే, ఉన్న మందుల రక్ష మన చేతిలోనే

"ఈ మందు పనిచేయకపోతే ఇంకోటి రాయండి డాక్టరు గారూ" అని ఓపీలో చాలామంది అడుగుతుంటారు. కొత్త మందులు ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటాయన్న నమ్మకం ఆ మాటలో ఉంది. ఆ నమ్మకంలో సగమే నిజం.

మనం వాడే యాంటీబయాటిక్‌లలో చాలావాటికి పుట్టిల్లు మట్టిలోని బ్యాక్టీరియా. 1950లలో బోర్నియో దీవిలో ఉన్న ఒక మిషనరీ అక్కడి మట్టిని కొద్దిగా, అమెరికాలో ఎలి లిల్లీ కంపెనీలో పనిచేసే తన స్నేహితునికి పంపారు. ఆ మట్టిలోని బ్యాక్టీరియా నుండి వచ్చిందే వాంకోమైసిన్. 1958లో అనుమతి పొందిన ఈ ఇంజక్షన్ నేటికీ ప్రాణాలు కాపాడుతోంది. ఇది పెప్టైడ్ జాతి మందు. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన చిన్న దండ అనుకోండి.

ఆ రోజుల్లో మట్టి తెచ్చి, బ్యాక్టీరియాను పెంచి, అది ఏం తయారుచేస్తుందో చూసేవారు. కొన్నాళ్లకు దొరికినవే మళ్లీ మళ్లీ దొరకసాగాయి. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే మట్టి బ్యాక్టీరియా జన్యువులన్నీ చదివి ప్రచురించారు. ఇలాంటి రసాయనాలు తయారుచేసే జన్యువుల గుంపులు అందులో 20కి పైగా కనిపించాయి. అంతకుముందు దానిలో తెలిసినవి కొద్ది మాత్రమే. అంటే ఆ జీవికి ఇరవై వంటలు వచ్చు, ల్యాబ్‌లో కొన్నే వండి చూపించింది.

కొన్ని పెప్టైడ్‌లను పెద్ద ఎంజైములు తయారుచేస్తాయి. ఎంజైములో ఒక్కో భాగం ఒక్కో పూసను ఎంచుకుని వరుసగా గుచ్చుతుంది. కాబట్టి ఆ జన్యువులు చదివితే దండలో ఏ పూసలుంటాయో ముందే ఊహించవచ్చు. 2000లో చాలిస్, రావెల్ అనే శాస్త్రవేత్తలు ఇదే బ్యాక్టీరియాలో మూడు పూసల పెప్టైడ్ ఒకటి ఉండాలని చెప్పారు. 2005లో అది దొరికింది. తీరా చూస్తే పూసలు నాలుగు! పైగా అది మందు కాదు, బ్యాక్టీరియా ఇనుము సేకరించుకునే సాధనం. 2018లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వారు మట్టిలోని డీఎన్‌ఏను నేరుగా చదివి మలాసిడిన్‌లనే కొత్త పెప్టైడ్‌లను కనుగొన్నారు. చాలా మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ క్రిమిని అవి ఎలుకల చర్మం గాయాలలో చంపాయి.

ఇది నిజంగా ఆశ కలిగించే పని. కానీ ఎలుక గాయం నుండి రోగి మంచం దాకా దారి చాలా దూరం. జన్యువులు చదవడం ఇప్పుడు తేలిక. నిద్రపోతున్న జన్యువును పనిచేయించడం, దొరికిన పదార్థం మనకు విషం కాదని తేల్చడం, మనుషులలో పరీక్షించడం తేలిక కాదు. డబ్బు ఇంకో అడ్డు. కొత్త యాంటీబయాటిక్‌ను అత్యవసరానికి దాచి ఉంచాలి, దాచిన సరుకు మీద లాభం రాదు. అకేయోజెన్ అనే అమెరికా కంపెనీ 2018లో ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కు అనుమతి పొంది, 2019లోనే దివాలా తీసింది. అందుకే ఈ పరిశోధనను వ్యాపారానికి వదిలేయకుండా, తాగునీటి మీద పెట్టినట్లే ప్రభుత్వాలు దీని మీదా ప్రజల డబ్బు పెట్టాలని మా అభిప్రాయం.

అయితే ఎన్ని మందులు కనుగొన్నా, దుర్వినియోగం చేస్తే నిలవవు. వాంకోమైసిన్‌కు లొంగని క్రిములు 1980ల చివరిలోనే బయటపడ్డాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. మన దేశంలో 2014 నుండి షెడ్యూల్ హెచ్1 జాబితాలోని యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ లేకుండా ఇచ్చే షాపుదే కాదు, అడిగే మనదీ తప్పే.

కాబట్టి పాఠకులకు మా మనవి. జలుబుకు యాంటీబయాటిక్ అడగవద్దు. అది వైరస్ వల్ల వచ్చేది, ఈ మందులు దానిపై పనిచేయవు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలిన మాత్రలు పక్కింటివారికి ఇవ్వవద్దు. శాస్త్రవేత్తలు ఒక్క మందు కనుగొనడానికి ఏళ్లు పడుతుంది. అది వచ్చేదాకా మన పిల్లలను కాపాడవలసింది ఇప్పుడు బీరువాలో ఉన్న మందులే.